సంచి ఉన్నదో, లేనిదో

హద్దురాళ్ల రికార్డుల శాఖలో నంబరు లేని వస్తువు ఉండదు. కుర్చీ వీపున తెల్ల రంగుతో నంబరు, బల్ల కాలికి నంబరు, మంచినీళ్ల కుండకు నంబరు, కుండ మీది మూతకు వేరే నంబరు. ఆమధ్య కుండ పగిలింది. మూత పగల్లేదు కాబట్టి, కొత్త కుండ మంజూరయ్యేదాకా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాం. నంబర్లు వేయడం అటెండరు సింహాచలం పని. చేతిలో రంగు డబ్బా, చెవి మీద కుంచె లేకుండా అతణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మా ఆఫీసులో నంబరు లేకుండా తిరిగేవి రెండే: మనుషులు, దుమ్ము. ఈ లోపాన్ని మా శాఖ ఎలా సవరించుకుందో చెప్పాలి. సవరణ నాతోనే మొదలైంది కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

నా పేరు పేర్రాజు. రికార్డు గదిలో సీనియర్ అసిస్టెంటుని. జిల్లాలో ఎవరి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించే పాత పటాలన్నీ ఆ గదిలోనే ఉంటాయి. గుడ్డలో చుట్టి, బొందు కట్టి, పైకప్పు దాకా పేర్చారు. ఒక పటం లాగితే పది పటాల దుమ్ము రాలుతుంది. దుమ్ము రాలితే నేను తుమ్ముతాను. నేను తుమ్మితే ఆఫీసు ఆగిపోతుంది. ఎందుకంటే మా వాళ్లు సంతకం పెట్టబోతుండగా తుమ్ము వినిపిస్తే కలం కింద పెట్టి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగితే తప్ప మళ్లీ కలం పట్టరు. మా శాఖలో ఫైళ్లు కదలకపోవడానికి నా ముక్కే కారణమని పైవాళ్లకు ఒక నివేదిక కూడా వెళ్లింది.

నవ్వులాటకు చెప్పడం లేదు. నాకు నిజంగానే ఊపిరాడేది కాదు. ఆఫీసు మెట్లెక్కి పైకొచ్చేసరికి ఈల వేసినట్టు రొమ్ములో చప్పుడు. నా భార్య శేషారత్నం పసుపు వేసి ఆవిరి పట్టిస్తూ, నేను దుప్పటి తీసేదాకా పక్కనే కూర్చునేది. చెవి ముక్కు గొంతు డాక్టరు అయితే, ఆ గదిలోంచి బయటపడకపోతే ఇక మందులతో పని జరగదని తేల్చి చెప్పాడు. నాకు భయం వేసింది. బతికినంతకాలం పక్కవాడి గట్టు ఎక్కడుందో వెతికి, ఆ గట్టు మట్టి ముక్కులోకి పోయి చచ్చిపోవడం నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే 'ధూళి రహిత పాలన మహోద్యమం' వచ్చింది.

వరండాలో అందరం నిలబడి, కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశాం. బ్యానరు కట్టడానికి మేకు కొడుతుంటే గోడ సున్నం రాలి నేను తుమ్మాను. అపశకునమని ప్రతిజ్ఞ మళ్లీ మొదటి నుంచి చేయించారు. తర్వాత మా డిప్యూటీ డైరెక్టరు విశాలాక్షి గారు సర్క్యులర్ చదివారు. "చీపురుతో ఊడ్చుట వలన ధూళి ఒకచోటు నుండి మరొకచోటుకు బదిలీ అగుచున్నదే తప్ప తొలగుట లేదని ఉన్నతస్థాయిలో గమనించడమైనది. కావున చీపురు వాడకం తక్షణం నిలిపివేయవలెను. ప్రతి కార్యాలయం ఒక వాక్యూమ్ క్లీనరు సమకూర్చుకొనవలెను. అది సంచి గలదై ఉండవలెనా, సంచి లేనిదై ఉండవలెనా అన్నది కార్యాలయమే తన విజ్ఞతతో నిర్ణయించి, కారణాలు తెలుపవలెను."

మా కొంప ముంచింది ఈ ఆఖరి వాక్యమే. అంతకు ముందెప్పుడూ ఎవరూ మా విజ్ఞత అడగలేదు. ఆ సాయంత్రమే సింహాచలం చీపుళ్లన్నీ కట్ట కట్టి, లక్కతో ముద్ర వేసి, కుండ మూత పక్కన పెట్టి తాళం వేశాడు.

ఆఫీసు రెండుగా చీలింది. సూపరింటెండెంటు భద్రిరాజు గారిది సంచి పక్షం. ఆయన చేతికి ఏదొచ్చినా కవరులో పెట్టి అంటించి, పైన 'రహస్యం' అని రాస్తేగానీ ఆయనకు తృప్తి ఉండదు. పిల్ల పెళ్లి శుభలేఖ కూడా అలాగే పంచారు. దుమ్ము సంచిలో పడితే దాని మూతికి ముద్ర వేయవచ్చునన్నది ఆయన వాదన. ఆడిట్ అధికారి లజపతి గారిది సంచి లేని పక్షం. కంటితో చూడని దానికి సంతకం పెట్టనని ఆయన ఉద్యోగంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నారు. సంచి లేని యంత్రానికి గాజులాంటి డబ్బా ఉంటుంది, ఎంత దుమ్ము పట్టిందో గీతలు కొట్టి చూసుకోవచ్చునన్నది ఆయన పట్టు. విశాలాక్షి గారు మాత్రం ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లతో ఏకీభవించేవారు. అందుకని ఆవిడ గదిలోంచి ముందు బయటకు రావడానికి ఇద్దరూ ఒప్పుకునేవారు కాదు. భోజనాల వేళ కూడా లోపలే కూర్చునేవారు.

నాకు సంచి కావాలి. డాక్టరు అదే చెప్పాడు. సంచి అయితే నిండగానే మూతి మూసి పారేయడమే, దుమ్ము మళ్లీ మొహం చూడదు. డబ్బా అయితే బోర్లించి తట్టాలి, తట్టిన వాడి ముక్కులోకే పోతుంది. తట్టేది నేనే. సమావేశంలో లేచి ఈ మాట చెప్పాను. నేను మాట్లాడినంతసేపూ అందరూ తలలూపారు. తీర్మానంలో మాత్రం ఇలా రాశారు: "ఒక ఉద్యోగి యొక్క వ్యక్తిగత ముక్కు సమష్టి నిర్ణయమును ప్రభావితం చేయరాదు."

చూసి నిర్ణయిద్దామని షాపు వాణ్ణి పిలిపించారు. ఫణీంద్ర అని మెత్తని మనిషి, రెండు రకాల యంత్రాలూ ఆటోలో వేసుకొచ్చాడు. ప్లగ్గు పెట్టి, గొట్టం పట్టుకుని, ఎక్కడ దుమ్ముందని అడిగాడు. అందరూ ఒక్కసారే రికార్డు గది చూపించారు. అతను గుమ్మంలో కాలు పెట్టబోతుంటే లజపతి గారు చేయి అడ్డం పెట్టారు.

"అది మా ధూళి. మీ యంత్రం ప్రైవేటుది. అందులోకి వెళ్లినది తిరిగి వస్తుందన్న హామీ ఏమిటి?"

ఫణీంద్ర గొట్టం కింద పెట్టాడు. ఇంతకు ముందు ఏ ఇల్లాలూ అతణ్ణి ఈ ప్రశ్న అడిగినట్టు లేదు. చివరికి అతని దుమ్ము అతనే తెచ్చుకుని ప్రదర్శన ఇవ్వాలని తేల్చారు. మర్నాడు వాళ్లమ్మ మంచం కింద ఊడ్చిన దుమ్ము కవరులో పట్టుకొచ్చాడు. గేటు దగ్గర దాన్ని రాయించుకుని, చీటీ ఇచ్చి లోపలికి వదిలారు.

వరండాలో చల్లిన దుమ్మును సంచి యంత్రం చక్కగా పీల్చేసింది. ఎంత పట్టిందని లజపతి గారు అడిగారు. అంతా పట్టిందన్నాడు ఫణీంద్ర. అంతా అంటే ఎంత, చూపించమన్నారు. సంచి విప్పితే మళ్లీ పైకి లేస్తుందన్నాడు. అయితే పట్టినట్టు రుజువు లేదని రాసుకున్నారు. తర్వాత రెండో యంత్రం పెట్టారు. డబ్బాలో దుమ్ము గిరగిరా తిరుగుతుంటే అందరం వంగి చూశాం. తల వెంట్రుకలు, వక్కపలుకులు, ఒక చొక్కా గుండీ కనిపించాయి. ఫణీంద్ర ఆ గుండీ చూసి, అది తన పెళ్లి చొక్కాదని గుర్తుపట్టి సంబరపడ్డాడు. భద్రిరాజు గారు వెంటనే నిటారుగా నిలబడి, ఈ రోజు ఒక తల్లి మంచం కిందిది బయటపడింది, రేపు రహస్య విభాగం బల్ల కింద ఏముందో జనం చూస్తే బాధ్యత ఎవరిదని నిలదీశారు. విశాలాక్షి గారు ఇద్దరి మాటా నిజమేనన్నారు. తెచ్చిన దుమ్ము తెచ్చినట్టే తీసుకెళ్లాలని ఫణీంద్రకు చెప్పారు. అది వరండా దుమ్ముతో కలిసిపోయింది. పాపం, ఏది వాళ్లమ్మదో ఏది ప్రభుత్వానిదో ఏరుకుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

గుమ్మంలో లజపతి గారు అన్న 'మా ధూళి' అన్న మాట విశాలాక్షి గారి బుర్రలో ఉండిపోయింది. అది నిజంగా మనదేనా, మనదైతే ఏ తరగతికి చెందుతుంది, యంత్రం కొనేముందు తేల్చుకోవద్దా అని ఆవిడ ఒక కమిటీ వేశారు. కమిటీలో భద్రిరాజు గారు, లజపతి గారు ఉన్నారు. ఉద్యోగ జీవితంలో వాళ్లిద్దరూ ఏకీభవించింది ఈ ఒక్క నివేదికలోనే. అందులోని ముఖ్యభాగం నాకు కంఠతా వచ్చు.

"పటములు శిథిలమగునప్పుడు ముందుగా రాలునవి అంచులు. హద్దులుండునది అంచులలోనే. కావున రికార్డు గదిలోని ధూళిలో అధికభాగం ప్రజల హద్దులే. ధూళి రూపములో నున్నంత మాత్రమున రికార్డు తన రికార్డుతనమును కోల్పోదు. శాశ్వత రికార్డు యొక్క ధూళి శాశ్వతముగా భద్రపరచదగినది."

ఇక చూసుకోండి. గాలికి హద్దులు కొట్టుకుపోతాయని రికార్డు గది కిటికీలు మూసి మేకులు కొట్టారు. ఫ్యాను తిప్పకూడదన్నారు. గదిలోంచి బయటకొచ్చే వాళ్లు గుమ్మంలో నిలబడి, బట్టలు లోపలివైపుకే దులుపుకోవాలన్నారు. ఆ వాళ్లు ఎవరో కాదు, నేనే. సింహాచలం రంగు డబ్బా పట్టుకొచ్చి, దుమ్ముకు నంబరెక్కడ వేయాలో తెలియక, గుమ్మం ముందు చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. దుమ్ము పెరిగింది. నా అడుగుల గుర్తులు గచ్చు మీద అచ్చుపడేవి. అవి చెరపవద్దని కూడా చెప్పారు.

నాకు ఒకే దారి కనిపించింది. సముద్రం ఒడ్డున ఉప్పుటేరు అనే ఊళ్లో మా శాఖకు చిన్న ఆఫీసు ఉంది. ఒక గది, ఒక బల్ల, ఎదురుగా సముద్రం. పటాలన్నీ కొత్తవి, ప్లాస్టిక్ కాగితం మీద వేసినవి. ఏదీ రాలదు. అక్కడికి వెళ్లడానికి ఎవరూ ఒప్పుకోక ఉద్యోగం ఖాళీగా పడివుంది. నేను బదిలీకి అర్జీ పెట్టుకున్నాను. బలంగా ఉంటుందని డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. "రికార్డు గదిలోని ధూళి ఇతని ఊపిరితిత్తులలో పేరుకొని యున్నది" అని ఆయన స్వహస్తాలతో రాశాడు.

ఎవరూ అడగని చోటు కాబట్టి వెంటనే మంజూరైంది. శేషారత్నం ఆవకాయ జాడీలకు వాసెన గుడ్డలు కట్టేసింది. ఇరుగుపొరుగు వాళ్లకు తులసి మొక్క అప్పగించింది. ఎన్నాళ్లకో ఆవిడ వంటింట్లో కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఇక విడుదల ఉత్తర్వు మీద విశాలాక్షి గారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆవిడ కలం మూత తీశారు. నేను ముక్కు గట్టిగా పట్టుకున్నాను. కాగితం మీద కలం ఆనబోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చెవులు గుయ్యిమన్నాయి. సాయిబాబాకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. ఆపలేకపోయాను. ఆ తుమ్ముకు బల్ల మీది కాగితాలు లేచి పడ్డాయి.

విశాలాక్షి గారు కలం మూత పెట్టి, మంచినీళ్లు తెప్పించుకుని, కాసేపు కూర్చున్నారు. ఆ కాసేపటిలో పక్క కుర్చీలో ఉన్న లజపతి గారికి తోచక, నా ఫైలు తిరగేశారు. డాక్టరు సర్టిఫికెట్ దగ్గర ఆగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"మేడం, శాశ్వత రికార్డు కొంత ఈయన దగ్గర ఉండిపోయింది. ఈయనే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అది అప్పగించకుండా వెళ్లడానికి వీల్లేదు."

ఎక్కడుందని ఆవిడ అడిగారు. లోపల, అని ఆయన నా రొమ్ము చూపించారు.

భద్రిరాజు గారు మాత్రం చాలా బాధపడి, నాకు సాయం చేయడానికే అన్నట్టు, అప్పగించడానికి అవకాశమివ్వాలని గట్టిగా వాదించారు. ఆ మధ్యాహ్నమే పంచనామా ఏర్పాటు చేశారు. ఒక కొత్త సంచి తెచ్చారు. పక్షపాతం లేకుండా పక్కన ఒక గాజు డబ్బా కూడా పెట్టారు. ఇద్దరు సాక్షులు, లక్క, కొవ్వొత్తి. నన్ను మధ్యలో కూర్చోబెట్టి తుమ్మమన్నారు.

తుమ్ము రాలేదు. బతుకంతా వద్దన్నా వచ్చింది, ఆ రోజు రమ్మంటే రాలేదు. సూర్యుడి వైపు చూశాను. ముక్కులో ఈక తిప్పుకున్నాను. భద్రిరాజు గారు తన నశ్యం డబ్బా ఇవ్వబోయారు. పొగాకు పొడి రికార్డులో కలిస్తే కల్తీ కిందికి వస్తుందని లజపతి గారు ఆపేశారు. పోనీ రికార్డు గది తలుపు తీద్దామన్నారు. తీస్తే తుమ్మేలోపు ఇంకాస్త పీలుస్తాడని, అప్పగించేదానికంటే తీసుకునేదే ఎక్కువవుతుందని మళ్లీ ఆయనే లెక్క చెప్పారు. సాక్షులకు కాఫీ ఇచ్చి పంపేశారు. వాళ్లు మెట్లు దిగుతుండగా నాకు వరసగా తుమ్ములొచ్చాయి. పంచనామా అప్పటికే ముగిసినందున అవి చెల్లవన్నారు.

భద్రిరాజు గారు నా వైపే తదేకంగా చూస్తూ, ఫణీంద్ర వదిలివెళ్లిన కరపత్రం జేబులోంచి తీశారు. ధూళిని పీల్చుకొనును, లోపల భద్రపరచును, అని గొణుక్కున్నారు. లజపతి గారు తలెత్తారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. "ధూళిని పీల్చి, తనయందు నిల్వ చేయు సాధనమొకటి ఈ కార్యాలయమున ఇప్పటికే చక్కగా పనిచేయుచున్నది. కావున కొత్తది కొనవలసిన అవసరం లేదు. సాధనమునకు నంబరు వేయించి, రికార్డు గదిలోనే ఉంచవలెను. బదిలీ ఉత్తర్వు మనుషులకు మాత్రమే వర్తించును."

సింహాచలం కుంచెతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"కదలకండి బాబూ, అంకె సెదురుతాది. రేపు సొక్కా మారిస్తే మళ్లీ ఏస్తాన్లెండి, నాకేటి కట్టం."

ఇక మిగిలింది ఒక్కటే. సంచి గలదా, లేనిదా? మీరు నవ్వుతారు గానీ సర్క్యులర్ ప్రకారం కారణాలు తెలపాలి కదా. లోపల ఉన్నది బయటకు కనిపించదు కాబట్టి నేను సంచి గలవాణ్ణని భద్రిరాజు గారు రాశారు. తుమ్మినప్పుడు ఖాళీ అవుతున్నాను కాబట్టి, సంచి మార్చనక్కర లేదు కాబట్టి లేనివాణ్ణని లజపతి గారు రాశారు. ఇద్దరి వాదనా సబబేనని విశాలాక్షి గారు పైకి పంపారు. పైనుంచి జవాబు రాలేదు. ఆఫీసుకు మాత్రం ఏమీ కొనకుండానే ధూళి రహితమైనందుకు శాలువా కప్పారు. ఆ శాలువా ఉన్నిది. నేను దాని పక్కన నిలబడి తుమ్ముతూనే ఉన్నాను.

నంబరు పడిన రోజు ఇంటికెళ్లి చొక్కా విప్పి శేషారత్నానికి చూపించాను. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు కోపమొచ్చింది. జాడీల వాసెన గుడ్డలు విప్పుతూ, ఒక గుడ్డ చేతిలో ఉండగానే ఆగిపోయింది.

"ఏమండీ, మనిషినైతే వదలరు సరే. యంత్రాన్ని అరువడిగితే ఇస్తారా?"

నేనావిడ మొహంలోకి చూశాను. మా శాఖలో చేరాల్సిన మనిషి.

ఉప్పుటేరు ఆఫీసుకూ ఆ సర్క్యులర్ వర్తిస్తుంది. అక్కడి ఇన్‌ఛార్జి ఊళ్లోని బడిపంతులు, ఆ ఆఫీసు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఫోను చేసి పరిస్థితి చెబితే ఆయన పెద్దగా ప్రశ్నలడగలేదు. తమకు వాక్యూమ్ క్లీనరు లేదని, మీ దగ్గరున్నది కొన్నాళ్లు ఇప్పించవలసిందని రెండు ముక్కలు రాసి పంపాడు. మనిషిగా నన్ను వదలడానికి అన్ని కమిటీలు పడ్డాయా, వస్తువుగా కాఫీ చల్లారేలోపు గేటు దాటాను. వస్తువులు ఒక ఆఫీసు నుంచి మరొక ఆఫీసుకు పోవడానికి నియమం ఉంది, లోపలున్న రికార్డు కూడా శాఖలోనే ఉంటుంది కాబట్టి లజపతి గారు అభ్యంతరం చెప్పలేదు. వాడుతున్న యంత్రం కాబట్టి గొట్టం వగైరా వెంట పంపాలన్నారు. 'అనుబంధ పరికరములు' అన్న చోట శేషారత్నం పేరు రాశాను. బస్సులో నన్ను సామానుగా లెక్కగట్టి టాపు మీద వేయాలని సింహాచలం అన్నాడు గానీ, కండక్టరు మంచివాడు, కిటికీ పక్కన సీటిచ్చాడు.

ఉప్పుటేరులో దిగగానే తడిగాలి మొహానికి తగిలింది. వారం తిరిగేసరికి తుమ్ములు తగ్గాయి. తర్వాత ఎప్పుడు ఆగిపోయాయో గమనించనే లేదు. ఒక సాయంత్రం ఇసుకదిబ్బ ఎక్కి పైన నిలబడ్డాక గుర్తొచ్చింది, రొమ్ములో ఈల లేదని. గట్టిగా ఊపిరి పీల్చాను. వదిలాను. మళ్లీ పీల్చాను. ఇంత హాయి ఊరికే దొరుకుతుందని నాకు తెలియదు. కింద శేషారత్నం ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుని, నన్ను చూసి చేయి ఊపింది.

సుఖపడుతున్న సంగతి ఆఫీసుకు ఎలా తెలుస్తుందో తెలియదు గానీ తెలుస్తుంది. వస్తువుల తనిఖీకి లజపతి గారు, భద్రిరాజు గారు జీపులో దిగారు. బల్ల చూశారు, కుర్చీ చూశారు, నన్ను చూశారు. వెంట తెచ్చిన రికార్డు గది దుమ్ము చిటికెడు, రశీదు రాసుకుని, నా ముక్కు ముందు ఊదారు. నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. ఇప్పుడు తుమ్మితే పనిచేస్తున్నట్టు లెక్క, మళ్లీ ఆ గదే. సముద్రం వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తుమ్ము రాలేదు. లజపతి గారు చిటికెడు దుమ్మూ జాగ్రత్తగా ఏరి పొట్లం కట్టుకున్నారు.

యంత్రం పనిచేయడం లేదని తేలింది. మరమ్మతు చేయించి మళ్లీ ప్రధాన కార్యాలయానికి తీసుకుపోవాలా, పనికిరాదని తీసేయాలా అన్నది నిపుణుడు చెప్పాలన్నారు. జిల్లాలో వాక్యూమ్ క్లీనర్ల నిపుణుడంటే వాళ్లకు తెలిసింది ఒక్కడే. ఫణీంద్ర వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. వీపు తట్టి, ముక్కులోకి టార్చి వేసి, అధికారులకు వినపడకుండా నా చెవి దగ్గర వంగాడు.

"బాగవుతుందని రాయమంటారా, కాదని రాయమంటారా?"

కాదని రాయమన్నాను. మోటారు కాలిపోయిందని, విడిభాగాలు ఇక దొరకవని అతను అందంగా రాసిచ్చాడు. వాళ్లమ్మ దుమ్ముకు మా శాఖ చేసిన మర్యాద అతను మరిచిపోలేదు.

పనికిరాదన్న వస్తువును వేలం వేయాలి. అదీ నియమమే. లోపలున్న ధూళి సంగతేమిటని భద్రిరాజు గారు అడిగారు. నంబరు వేసిన వస్తువును విప్పి అమ్మడం కుదరదు కాబట్టి లోపలున్న దానితో సహా పోతుందని, కొన్నవాళ్లే ఇకపై ఆ హద్దులకు జవాబుదారీ అని లజపతి గారు తేల్చారు. ఆ మాట విన్నాక నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ధూళి నా దగ్గర లేకపోతే నేను అప్పగించాల్సిందేమీ ఉండదు. అప్పగించాల్సింది లేకపోతే మనిషిగా నా బదిలీ ఉత్తర్వు ఇంకా బతికే ఉంది. ఉప్పుటేరు ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది.

వేలం ప్రకటన ఆఫీసు గోడకు అంటించారు. శేషారత్నం వాకిట్లో ముగ్గు సగంలో వదిలి, చేయి కొంగుకు తుడుచుకుని వచ్చి చదివింది.

"వాడిన వాక్యూమ్ క్లీనరు, ఒకటి. పనిచేయదు. లోపలి ధూళితో సహా, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడును. సంచి ఉన్నదో, లేనిదో కొన్నవారే తేల్చుకొనవలెను."

పాడడానికి ఆవిడ తప్ప మరెవరూ రాలేదు. లజపతి గారు రశీదు చేతికిస్తూ, మళ్లీ తర్వాత ఫిర్యాదులు రాకూడదు కాబట్టి అడుగుతున్నానని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవడానికి అభ్యంతరం లేదు కదా అని అడిగారు.

శేషారత్నం నా చొక్కా వెనక అంకెను గోటితో గీకుతూ చెప్పింది.

"పెళ్లప్పుడూ అలాగే తీసుకున్నానండీ."